కువైట్‌లో అకామా పోయాక బేల్దారి పని, క్షమాభిక్షలో ఇంటికి రావడం: నా అనుభవం

మాది కడప జిల్లా సిద్ధవటం దగ్గర ఒక పల్లె. నేను బేల్దారి మేస్త్రిని. 2022 ఫిబ్రవరిలో కువైట్ పోయి, 2024 జూన్‌లో ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే కాగితం మీద, తిరిగి వచ్చాను. అందులో ఏడాదికి పైగా అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, లేకుండానే ఒక కాంట్రాక్టర్ కింద విల్లాలు కట్టాను. మా వైపు ఏ వీధికి పోయినా కువైట్‌లో ఉన్న మనిషి ఒకరైనా ఉంటారు. కానీ కాగితాలు పోయినాక అక్కడ బతుకు ఎట్లా ఉంటుందో, కూలి ఎట్లా ఎగ్గొడతారో, బయటపడటానికి ఏమేం చేయాలో తిరిగొచ్చినవాళ్లు నోరు విప్పి చెప్పరు. పరువు పోతుందని లోపలే పెట్టుకుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కడపలో ఏజెంటుకు లక్షా నలభై వేలు కట్టాను. మెడికల్, టికెట్టు, పై ఖర్చులు ఇంకో నలభై వేలు. అంతా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందే, అంటే నెలకు 3,600 వడ్డీ. నేను పది పాస్ కాలేదు కాబట్టి నాది ఈసీఆర్ పాస్‌పోర్టు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు లేనిదే విమానం ఎక్కనివ్వరు. ఆ కాగితాల్లో నేను ఇంటి పనివాడిని. వీసా 20వ నంబరు, అంటే ఒక కువైటీ ఇంట్లో మాత్రమే పనిచేయడానికి ఇచ్చేది. ఆ వీసా ఇచ్చే యజమానిని కఫీల్ అంటారు. బిల్డింగు పని చేయాలంటే 18వ నంబరు ఉండాలి, దాన్ని అక్కడ షూన్ వీసా అంటారు. ఏజెంటు మాత్రం, "వీసా ఇంటిదే గానీ పని నీ ఇష్టం. కఫీల్‌కు ఏడాదికి ఇంత అని కట్టేస్తే చాలు, బయట మేస్త్రి పని చేసుకోవచ్చు. మీ వాళ్లంతా అట్లా పోయినవాళ్లే" అన్నాడు. నిజమే, మా వాళ్లలో చాలామంది అట్లా పోయినవాళ్లే.

దిగిన రోజే కఫీల్ నా పాస్‌పోర్టు తీసుకున్నాడు. బతాకా, అంటే అక్కడి సివిల్ ఐడీ కార్డు, వచ్చేదాకా వాళ్లింట్లోనే కార్లు కడిగి, మెట్లు తుడిచి, ముసలాయన చక్రాల కుర్చీ తోశాను. బతాకా చేతికి వచ్చాక మొదటి ఏడాదికి 350 దినార్లు మాట్లాడుకుని బయటికి పంపాడు. కూలీలు ఎక్కువగా ఉండే జలీబ్ అనే పేటలో మా వైపు వాళ్లే ఉండే రూములో ఒక మంచం, నెలకు 20 దినార్లు. ఒక దినారు అప్పట్లో సుమారు 250 రూపాయలు, నేను తిరిగి వచ్చే నాటికి 270 దాకా పోయింది.

జలీబ్‌లో తెల్లవారకముందే రోడ్డు పక్కన నిలబడతాం. పికప్ బండ్లు వస్తాయి. మేస్త్రి ఎవరు, హెల్పర్ ఎవరు, టైల్స్ ఎవరికి వచ్చు అని అడిగి ఎక్కించుకుంటారు. బతాకాలో ఏ వీసా ఉందో అడిగినవాడిని నేను చూడలేదు. కొన్ని వారాలకు ఒక కాంట్రాక్టర్ కుదిరాడు. తెలుగాయనే. లైసెన్సు ఒక కువైటీ పేరు మీద ఉంటుంది, కింద పనంతా ఈయనది. సిటీకి ఉత్తరాన ఎడారిలో ముత్లా అని కొత్త ఊరు లేస్తోంది, ప్రభుత్వం అక్కడ కువైటీలకు వేల ప్లాట్లు ఇచ్చింది. ఎటు చూసినా సగం లేచిన విల్లాలే. కట్టుబడి, గిలాబు (ప్లాస్టరింగు), ఫ్లోరింగు ఏది చెప్పినా చేస్తానని నాకు రోజుకు 8 దినార్లు ఇచ్చాడు. ప్రతి గురువారం సాయంత్రం లెక్క చూసి డబ్బు చేతిలో పెట్టేవాడు. ఆ ఏడాది బాగానే గడిచింది. వడ్డీ తప్పకుండా కట్టాను, నాయనకు కంటి ఆపరేషన్ చేయించాను, పాపను కడపలో ఇంటర్‌లో చేర్పించాను.

2023 మార్చిలో అకామా రెన్యువల్ వచ్చింది. కఫీల్ ఈసారి 500 దినార్లు అడిగాడు, అదీ ఒకేసారి. రెండు విడతల్లో ఇస్తానన్నాను. సరేనని గానీ కాదని గానీ అనలేదు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంటికి పోతే లోపలి నుంచి పనమ్మాయి వచ్చి "బాబా (యజమాని) లేడు" అని చెప్పి తలుపేసేది. మే నెలలో టైల్ కటింగ్ మెషిన్ జారి ఎడమ చేతికి తగిలింది. క్లినిక్‌కు పోతే కౌంటర్‌లో బతాకా చూసి వెనక్కి ఇచ్చేశారు. మా సందులో టైపింగ్ షాపు నడిపే కేరళ అబ్బాయి నా సివిల్ నంబరు వేసి చూసి, "చేట్టా (అన్నా), అకామా అయిపోవడం ఒక్కటే కాదు, నువ్వు పారిపోయావని కఫీల్ కేసు పెట్టాడు" అన్నాడు. గాయానికి మెడికల్ షాపులో పౌడర్ కొని గుడ్డ చుట్టుకున్నాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ క్షణం నుంచి నేను ఖల్లివల్లి. కాగితాలు లేనివాళ్లను అక్కడ మనవాళ్లు అట్లా అంటారు. అప్పట్లో అకామా లేకుండా ఉన్న ప్రతి రోజుకూ 2 దినార్ల జరిమానా, గరిష్ఠంగా 600. నాది 2024 జనవరికి ఆ 600 నిండిపోయింది.

కాంట్రాక్టర్‌కు ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మూడు నాలుగు నెలలకోసారి అందరి బతాకాలూ ఫోన్‌లో ఫోటో తీసుకునేవాడు, ఎవరిది ఎప్పుడు అయిపోతుందో ఆయనకు మాకంటే ముందే తెలుసు. ఒక గురువారం నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, నీ అకామా పోయిందంట కదా."

"అవునన్నా. కఫీల్‌తో మాట్లాడుతున్నా."

"మాట్లాడు. నిన్ను పెట్టుకుంటే దొరికితే నాకూ జరిమానా, నా లైసెన్సుకూ దెబ్బ. అయినా మనవాడివని తీసేయడం లేదు. ఇకనుంచి రోజుకు 6. అందులో సగం వారం వారం ఇస్తా, సగం నా దగ్గర ఉంటుంది. నిన్ను పట్టుకుంటే జేబులో ఉన్నది పోతుంది, నా దగ్గర ఉన్నది ఎక్కడికీ పోదు."

నాలుగైదు వారాలు నేనూ అదే నమ్మాను. తర్వాత చూస్తే సైట్‌లో అకామా లేని వాళ్లందరికీ ఇదే లెక్క. మూడో వంతు మంది మేమే ఉన్నాం. అకామా ఉన్న మేస్త్రి పక్కనే నిలబడి అదే గోడ, అదే కొలత కడుతున్నా, అతనికి 8, నాకు 6, అందులోనూ చేతికి 3. అతను నచ్చకపోతే వేరే కాంట్రాక్టర్ దగ్గరికి పోతాడు. నేను పోతే నా సగం కూలి ఇక్కడే ఉండిపోతుంది. రిస్కు తనదే అని ఆయన ప్రతి వారం అనేవాడు. చెకింగ్ వచ్చిన రోజు మాత్రం ఆయన కారు సైట్ దరిదాపుల్లో కనిపించేది కాదు.

ఆ చెకింగ్ గురించి చెప్పాలి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని చేయించకూడదని నిషేధం ఉంది. కూలీల ప్రాణం కాపాడటానికి పెట్టిన రూలు. దాన్ని చూడటానికి ఇన్‌స్పెక్టర్లు సైట్లకు వస్తారు, వచ్చినప్పుడు బతాకాలు కూడా అడుగుతారు. అందుకని 11 కొట్టగానే అకామా ఉన్నవాళ్లు నీడలో పడుకునేవాళ్లు. మమ్మల్ని మాత్రం ఫోర్‌మన్ లోపలి గదుల్లో గిలాబు పనికి పంపేవాడు. బయట నుంచి ఈల వినబడితే ఎక్కడివక్కడ వదిలి పైకి పరుగెత్తాలి. ఆ జూలైలో ఒక మధ్యాహ్నం ఈల పడింది. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు కోసం కట్టిన చిన్న గది ఉంది, దానికి కిటికీ కూడా పెట్టలేదు. ఐదుగురం లోపల దూరితే ఫోర్‌మన్ సెంట్రింగ్ ప్లైవుడ్ షీట్లు అడ్డం నిలబెట్టి పోయాడు. చేతులకు ఇంకా పచ్చి సిమెంటు. అరగంట అనుకున్నది గంటన్నర అయ్యింది. నాతో ఉన్న బిహార్ పిల్లోడికి ఇరవై కూడా ఉండవు, ఉన్నట్టుండి మాట తడబడటం మొదలైంది. చెమట ఆగిపోయింది. వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాలా, బయటికి పోయి నీళ్లడగాలా తెలియక నా గుండె కొట్టుకున్న తీరు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. చివరికి నేనే షీటు తోసి బయటికి వచ్చాను. ఇన్‌స్పెక్టర్లు అప్పటికి వెళ్లిపోయి అరగంట అయ్యిందంట. మాకు చెప్పడం మర్చిపోయారు. వాడిని కిందికి మోసుకొచ్చి మోటార్ పైపు కింద పడుకోబెట్టాం. బతికాడు. ఆ మధ్యాహ్నం పోయిన పనిగంటలకు మా ఐదుగురికీ అర దినారు చొప్పున కోసుకున్నారు.

ఆ రోజు రాత్రి నేను ఒక చిన్న పాకెట్ పుస్తకం కొన్నాను. ప్రతి రోజూ తేదీ, ప్లాటు నంబరు, చేసిన పని, ఇచ్చిన డబ్బు, ఆపిన డబ్బు రాసుకున్నాను. ప్రతి గురువారం ఆయన ఎదురుగా చదివి వినిపించి, ఆ పేజీ పక్కన ఆయన చేతి రాతతోనే మొత్తం వేయించుకున్నాను. సంతకం పెట్టమంటే పెట్టడు. అంకె వేయమంటే వేస్తాడు. నాకు దక్కిన కాస్తా ఆ అంకెల పుణ్యమే.

2024 మార్చిలో, రంజాన్ మొదలైన కొద్ది రోజులకు, క్షమాభిక్ష వార్త వచ్చింది. మార్చి 17 నుంచి జూన్ 17 దాకా. మా రూములో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. రెండు దార్లు ఇచ్చారు. జరిమానా కట్టి, కొత్త కఫీల్‌ను చూసుకుని అకామా కొట్టించుకోవచ్చు. లేదా జరిమానా ఏమీ లేకుండా దేశం వదిలి పోవచ్చు, తర్వాత సరైన వీసా మీద మళ్లీ రావచ్చు. గడువు దాటాక దొరికితే డిపోర్ట్ చేసి మళ్లీ రానివ్వరు. 600 దినార్లంటే అప్పటి రేటుకు 1,62,000 రూపాయలు. అది కట్టినా కొత్త కఫీల్‌కు మళ్లీ కట్టాలి. పోవడమే అని ఆ రాత్రే మా ఇంటామెకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం, నువ్వు రా" అంది.

కానీ అప్పటికి కాంట్రాక్టర్ దగ్గర నాది 640 దినార్లు ఉంది. క్షమాభిక్షకు ఆయన సంతోషించాడు, "మంచి పని, పో తమ్ముడూ" అన్నాడు. లెక్క అడిగితే రంజాన్‌లో బిల్లులు రావు, పండగ అయ్యాక ఇస్తానన్నాడు. ఏప్రిల్ 10న పండగ అయ్యింది. తర్వాత ఓనర్ ఊళ్లో లేడన్నాడు. తర్వాత బ్యాంకు అన్నాడు. ఇక్కడ అందరూ గమనించాల్సింది ఒకటుంది. మనకు గడువు తేదీ ఉందని వాళ్లకూ తెలుసు. మనల్ని ఆ తేదీ దాకా తోసుకుపోతే చాలు, తర్వాత అడిగేవాడు దేశంలోనే ఉండడు. మా సైట్‌లో ఖల్లివల్లిగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఏప్రిల్, మే నెలల్లో ఇదే జరిగింది. కూలి కోసం ఆగి, ఆగి, కొందరు ఔట్‌పాస్‌కే ఆలస్యంగా పోయారు.

నేను కూలి కోసం ఆగకుండా మే మొదటి వారంలో దయ్యాలోని మన ఎంబసీకి పోయాను. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావాలి. మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. తెల్లవారుజామున టాక్సీలో పోయేసరికే గోడ పొడుగునా మనుషులు. నేను పట్టుకుపోయినవి పాత పాస్‌పోర్టు జిరాక్సు, బతాకా, ఆధార్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు. పాస్‌పోర్టు జిరాక్సు మా ఇంటామె బీరువాలోంచి తీసి వాట్సాప్‌లో పంపింది. అది లేనివాళ్ల అవస్థ చూశాను. రాయచోటి వైపు నుంచి ఇంటి పనికి వచ్చిన ఒక అక్కకు పాస్‌పోర్టు నంబరు గానీ, ఏ తేదీన దిగిందో గానీ తెలియదు. తప్పించుకుని వచ్చేటప్పుడు కట్టుబట్టలతో వచ్చిందంట. ఊళ్లో ఆమె కొడుకు ఏజెంటు వెంట పడి కాపీ తెప్పించేసరికి రెండు వారాలు పట్టింది. పోయే ముందే పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా కాపీ ఇంట్లో ఒకటి, ఫోన్‌లో ఒకటి పెట్టుకోండి.

ఎంబసీలో కూలి సంగతి కూడా చెప్పాను, పుస్తకం చూపించాను. ఆ డెస్కులో ఉన్నాయన ఓపికగా అన్ని పేజీలూ తిప్పి చూశాడు. ఫిర్యాదు ఇవ్వొచ్చు, కానీ నాకూ ఆ కాంట్రాక్టర్‌కూ మధ్య కాగితం మీద ఏ సంబంధమూ లేదు, కాగితం ప్రకారం నేను వేరొకరి ఇంటి పనివాడిని, కేసు తేలడానికి నెలలు పడుతుంది, అప్పటికి క్షమాభిక్ష అయిపోతుంది అని చెప్పాడు. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి పోవచ్చు అన్నాడు. నమ్మకంగా కేసు వెంట తిరిగేవాళ్లు ఎవరున్నారు? రూములో మిగిలిన అన్నలందరూ 20వ నంబరు వీసా మీద బయట పని చేసేవాళ్లే. వాళ్లు ఆఫీసు మెట్లెక్కితే వాళ్ల బతుకే బయటపడుతుంది. ఆ రోజు బయటికి వచ్చి గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎండలో పడిన కష్టానికి రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

ఔట్‌పాస్ చేతికి రావడానికి పది రోజులకు కొంచెం ఎక్కువే పట్టింది. దాని తర్వాత రెసిడెన్సీ ఆఫీసులో వేలిముద్రలు. మే చివరికి అక్కడ రద్దీ ఎక్కువైంది. నేను ఉదయం ఐదింటికే పోయినా నా వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది. నీళ్ల బాటిల్, తినడానికి ఖుబ్బూస్ రొట్టె, ఛార్జింగు ఉన్న ఫోన్ పెట్టుకుని పోవాలి. కఫీల్ పెట్టిన పారిపోయిన కేసు అడ్డం వస్తుందేమోనని నాకు చాలా టెన్షన్. అది అడ్డం రాలేదు. అడ్డం వచ్చేవి అప్పులు, కోర్టు కేసులు. నా వెనక నిలబడిన నందలూరు బావకు ట్రావెల్ బ్యాన్ పడి ఉంది. ఏమంటే, మూడేళ్ల కింద కిస్తీల మీద ఫోన్ తీసుకుని బిల్లు కట్టలేదంట, కంపెనీ కోర్టుకు పోయింది. ఆయన 110 దినార్లు అప్పు చేసి కట్టి, ఆ కాగితం తెచ్చి, మళ్లీ లైనులో నిలబడ్డాడు. ఫోన్ సిమ్ వేరేవాళ్లకు ఇచ్చి పోతుంటాం, వాళ్ల బిల్లు కూడా మన పేరు మీదే పడుతుంది. ఇవన్నీ ముందే చూసుకోవాలి.

టికెట్టు ఇంకో దెబ్బ. మేలో చెన్నైకి 45 దినార్లు చెప్పింది, జూన్‌లో బక్రీద్ సెలవులు దగ్గర పడేసరికి 82 అయ్యింది. జూన్ 14కు తీసుకున్నాను.

ఇక కాంట్రాక్టర్. జూన్ మొదటి వారంలో నేను ఫోన్ చేయడం మానేసి నేరుగా విల్లా ఓనర్ దగ్గరికే పోయాను. పెద్దాయన. వారానికోసారి సైట్‌కు వచ్చి చేతికర్రతో గోడలు తట్టి చూసేవాడు, నా పేరు తెలుసు. వచ్చీరాని అరబీలో సంగతి చెప్పి పుస్తకం చూపించాను. ఆయన కారులోంచి ఒక ఫైలు తీశాడు. మీటరుకు ఇంత అని కాంట్రాక్టర్‌కు కట్టిన రసీదులు వరసగా ఉన్నాయి, గిలాబుది, ఫ్లోరింగుది, అన్నీ చెల్లు. బిల్లులు రాలేదు, ఓనర్ ఊళ్లో లేడు అని మూడు నెలలు నేను విన్న మాటలన్నీ ఆ ఫైలు ముందు తేలిపోయాయి. పెద్దాయన నా ముందే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి గట్టిగా అరిచాడు. జేబులోంచి 20 దినార్లు తీసి నా చేతిలో పెట్టాడు. ఆయనకు మేము ఎవరమో, ఏ వీసా మీద ఉన్నామో తెలియదని నేను అనుకోను. అక్కడ ఇల్లు కట్టించేవాళ్లలో చాలామందికి తెలుసు. తక్కువలో పని అవుతుంది కాబట్టి అడగరు.

రెండు రోజులకు రాత్రిపూట కాంట్రాక్టర్ జలీబ్ వచ్చాడు. కారు దిగలేదు. అద్దం సగం దించి, "పెద్దమనిషికి చెప్పి నా పరువు తీశావు కదా" అన్నాడు. నేను పుస్తకం చూపించి, "అన్నా, ఈ అంకెలు నువ్వేసినవే. నా చెమట ఇది. ఇంట్లో వడ్డీకి కూడా లేదు" అన్నాను. 150 దినార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. మిగిలిన 490 ఊరికి పంపిస్తానన్నాడు. పుస్తకంలో చివరి పేజీలో "490 బాకీ" అని వేయమన్నాను. వేశాడు. ఆ పేజీ ఫోటో తీసుకున్నాను.

జూన్ 12 పొద్దున మంగఫ్‌లో కూలీలు ఉండే బిల్డింగు తగలబడింది. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు, అందులో మన ఆంధ్రా వాళ్లు ముగ్గురు. మాది జలీబ్ అని, మంగఫ్ వేరే అని ఊళ్లో వాళ్లకేం తెలుసు? అమ్మ ఫోన్‌లో నా గొంతు విన్నాక కూడా "వీడియోలో కనబడు" అని పట్టుబట్టింది. మా రూములో కూడా ఒకే తలుపు, మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, ఒక్కో గదిలో ఎనిమిది మంది. ఆ రాత్రి అందరం సిలిండర్లు బయటికి మోసి పెట్టాం. మర్నాటి నుంచి బిల్డింగుల తనిఖీలు మొదలయ్యాయి. గడువు ముందు బయల్దేరలేకపోయిన వాళ్ల భయం చూడలేకపోయాను. తర్వాత గడువును జూన్ 30 దాకా పొడిగించారు, అది నేను ఇంటికి వచ్చాక తెలిసింది.

ఎయిర్‌పోర్టులో పెద్ద ఇబ్బంది పడలేదు. వేలిముద్రలు చూసి, ఔట్‌పాస్ మీద ముద్ర కొట్టి పంపారు. 15 తెల్లవారుజామున చెన్నైలో దిగాను. అక్కడే ఎక్కువ సేపు పట్టింది. ఔట్‌పాస్ మీద వచ్చినవాళ్లందరినీ పక్కన కూర్చోబెట్టి, ఎందుకు పోయావు, పాస్‌పోర్టు ఏమైంది, ఏజెంటు ఎవరు అని అడిగారు. మర్యాదగానే అడిగారు గానీ మూడు గంటలు పట్టింది. చివరికి ఔట్‌పాస్ వాళ్లే తీసేసుకుంటారు. దాని జిరాక్సు విమానం ఎక్కే ముందే తీసి పెట్టుకోండి, కొత్త పాస్‌పోర్టుకు అది అడుగుతారు. నాకు రూములో అన్న ఒకాయన చెప్పబట్టి సరిపోయింది. మాధవరం బస్టాండులో కడప బస్సు ఎక్కి, తిరుపతి, కోడూరు, రాజంపేట మీదుగా సాయంత్రానికి ఇల్లు చేరాను. పాప గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది, అంత నల్లబడి, చిక్కిపోయి ఉన్నాను.

కొత్త పాస్‌పోర్టు కోసం ఆగస్టులో కడప పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రంలో అప్లై చేశాను. పోయిన పాస్‌పోర్టు కింద లెక్క, ఫీజు 3,000. పోలీసు రిపోర్టు, అఫిడవిట్, ఔట్‌పాస్ జిరాక్సు అడిగారు. ఎట్లా పోయిందో రాసివ్వమని మళ్లీ ఒక లెటర్ వచ్చింది. కఫీల్ దగ్గర ఉండిపోయిందని ఉన్నది ఉన్నట్టే రాశాను. అక్టోబరు చివర్లో చేతికి వచ్చింది.

మేము వచ్చేశాక, 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా, 20వ నంబరు వీసా వాళ్లు 18కి మారడానికి కువైట్ ప్రభుత్వం అవకాశం ఇచ్చింది. అకామా బతికి ఉండి, కఫీల్ ఒప్పుకుంటేనే. రూములో ఇద్దరు అన్నలు మారారు. వాళ్లకు ఇప్పుడు సైట్‌లో దాక్కునే పని లేదు, కూలి బ్యాంకులో పడుతోందంట. ఆ మాట విని సంతోషం వేసింది, కడుపులో కొంచెం కలుక్కుమంది కూడా. 2025 జనవరి 5 నుంచి అక్కడ కొత్త రెసిడెన్సీ చట్టం వచ్చింది, డబ్బు తీసుకుని వీసాలు అమ్మేవాళ్లకు జైలు, వేల దినార్ల జరిమానా పెట్టారు. కఫీల్‌కు ఏడాదికింత కట్టి బయట పని చేసుకోవచ్చని ఇక్కడ ఏజెంట్లు ఇప్పటికీ చెబుతున్నారు. మా అక్క కొడుకు సెంట్రింగ్ పని చేస్తాడు, వాడికీ అదే చెప్పాడు ఒకడు. నేను వాడిని పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్‌లో ఆ ఏజెంటునే అడిగించాను. వీసా నంబరు ఎంత, కాగితంలో ఉన్న యజమానే జీతమిస్తాడా, జీతం బ్యాంకులో వేస్తారా అని. "ఇన్ని ప్రశ్నలు వేసేవాళ్లకు నేను వీసా ఇవ్వను" అన్నాడు. మావాడు పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాడు.

కాంట్రాక్టర్ మొదటి రెండు నెలలు వాట్సాప్‌లో "ఇన్షాల్లా, వచ్చే నెల" అని వాయిస్ పంపాడు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం ఏపీ ప్రభుత్వం పెట్టిన సంస్థ, తాడేపల్లిలోని ఏపీఎన్ఆర్‌టీఎస్‌కు పుస్తకం పేజీల ఫోటోలు, ఆయన వాయిస్‌లు అన్నీ పంపాను. వివరాలు తీసుకున్నారు, ఎంబసీకి రాస్తామన్నారు. ఇంతవరకు రూపాయి రాలేదు, అయినా నేను నెలకోసారి ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు కడపలో రోజుకు వెయ్యి రూపాయల మీద పని చేస్తున్నాను, శనివారం సాయంత్రం మొత్తం కూలి చేతికి వస్తుంది. తెచ్చిన లక్షా ఎనభై వేలలో ఇంకా తొంభై వేలు అసలు మిగిలి ఉంది. రావాల్సిన 490 దినార్లు అంటే లక్షా ముప్పై రెండు వేల రూపాయలు. అది వచ్చి ఉంటే మొత్తం అప్పు తీరిపోయి పాప డిగ్రీ ఫీజుకు కూడా మిగిలేది. ఇప్పుడు ఆ తొంభై వేలకు నెలకు 1,800 వడ్డీ కడుతూ, అసలులో కొంత కొంత తీరుస్తున్నాను.